ఇరుసుకు జానెడు ముందు

నల్గొండ జిల్లాలో కార్ల వెనక హుక్కులు బిగించి, చిన్న ట్రాలీలు తయారుచేసే వెల్డింగ్ షాపుల అన్నదమ్ములకు, వాటిని కొనుక్కొని ఊరూరా తిరిగే నాలాంటి టెంట్ హౌస్, జనరేటర్, డీజే, కాంక్రీటు కలిపే మిల్లర్ యజమానులకు నమస్కారం.

నాది హాలియా దగ్గర పల్లె. ఇరవై ఏళ్లుగా టెంట్ హౌస్ నడుపుతున్నాను. మొదట్లో ఎడ్లబండి మీద కుర్చీలు తోలేవాణ్ణి. తర్వాత కిరాయి ట్రాక్టరు. ఎనిమిదేళ్ల కింద ఒక పాత ఏడు సీట్ల డీజిల్ కారు కొని, దానికి హుక్కు పెట్టించి, రెండు చక్రాల ట్రాలీ కట్టించుకున్నాను. పనిపిల్లలు కారులోనే వస్తారు, జనరేటరు వెనకే వస్తుంది, ట్రాక్టరు కిరాయి మిగులుతుంది. మీలో చాలామంది వేసుకున్న లెక్కే నేనూ వేసుకున్నాను. ఆ లెక్కలో తప్పు లేదు. తప్పిందల్లా తూకం.

ఈ ఉత్తరం రవాణా శాఖ వాళ్లకు రాయి నాన్నా అన్నాడు మా అబ్బాయి. వాళ్ల ఆఫీసుకు ట్రాలీ పోతే ఒకసారి పోతుంది, చాలా ట్రాలీలు అదీ పోవు. మీ షాపుకు మాత్రం రాక తప్పదు, అది పుట్టేది అక్కడే. అందుకే మీకు రాస్తున్నాను.

మూడేళ్ల కింద మాఘమాసంలో మిర్యాలగూడ అవతల ఒక పెళ్లికి పోయాం. పోయేటప్పుడు ట్రాలీలో ఇరుసు మీదుగా జనరేటరు, దాని ముందు రెండు డీజిల్ క్యాన్లు, గ్యాస్ పొయ్యిలు, సిలిండర్లు, గుండిగలు. దారంతా ట్రాలీ వెనక ఉందన్న సంగతే మర్చిపోయాను, అంత బుద్ధిగా వచ్చింది. రాత్రి తొమ్మిదింటికి అకాల వాన కొట్టింది. షామియానాలు తడిసి ముద్దయ్యాయి. అప్పగింతలు అయ్యి మేం సర్దుకునేసరికి తెల్లవారుజామున మూడు. క్యాన్లలో డీజిల్ అయిపోయింది. పొయ్యిలు, గుండిగలు మర్నాడు వ్రతం వంటకు కావాలని పెళ్లివాళ్లు ఉంచుకున్నారు. తడి షామియానాలను పిల్లలు మడిచి, వెనక డోరు దగ్గర నిలబడి లోపలికి విసిరారు. ఆ వేళప్పుడు ముందు దాకా మోసుకెళ్లే ఓపిక ఎవరికుంటుంది? ట్రాలీని కారు నుంచి విప్పనే లేదు. విప్పి ఉంటే తోక నేలకు ఒరిగి, సంగతి అక్కడే బయటపడేది.

నిడమనూరు దాటాక రోడ్డు ఖాళీగా ఉంది. డెబ్బైలో ఉన్నాను. కొంచెం దిగుడు వచ్చింది. అప్పుడే ఎదురుగా ఒక లారీ గాలి కొడుతూ పక్కనుంచి పోయింది. ట్రాలీ ఎడమకు ఒకసారి ఊగింది. తర్వాత కుడికి, ఇంకొంచెం ఎక్కువ. మూడో ఊపుకు కారు తోక కూడా దానితో పాటే కదిలింది. స్టీరింగు నా చేతిలోనే ఉంది, బండి మాత్రం నా మాట వినడం లేదు. టెన్షన్‌లో ఎవరైనా చేసే పనే చేశాను, బ్రేకు గట్టిగా తొక్కాను. కారు ఆగబోయింది, వెనకున్న ట్రాలీ ఆగలేదు. అది కారును ఒక పక్కకు నెట్టేసి, కారు హుక్కుకుండే ఇనుప గుండు మీంచి, దాన్ని మూసి పట్టుకునే ట్రాలీ కప్పు ఎగిరిపోయి, తనంతట తాను రోడ్డు దాటి అవతలి పొలంలో పడింది. నాటేసి నెల దాటిన పొలం. జనరేటరు బోర్లా పడి, ట్యాంకులో మిగిలిన డీజిలు, ఇంజనాయిలు మడిలో కలిశాయి. ఆ రైతుకు నష్టం కట్టాను. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

మామూలుగా వచ్చేటప్పుడు నా దగ్గర పనిచేసే ఇద్దరు పిల్లలు ట్రాలీలో షామియానాల మీద పడుకొని వచ్చేవాళ్లు. గాలి తగులుతుందని వాళ్లకది ఇష్టం. ఆ రాత్రి షామియానాలు తడిగా ఉన్నాయని కారులో కూర్చున్నారు.

పొద్దున జేసీబీ తెచ్చి ట్రాలీని పైకి తీయించాం. ఆ డ్రైవరే కప్పును తీసుకొచ్చి కారు గుండు మీద పెట్టి ఊపి చూపించాడు. టకటకా కొట్టుకుంది. ట్రాలీ ఒక షాపులో కట్టించాను, కారు హుక్కు ఇంకో షాపులో పెట్టించాను. కప్పు 50 మిల్లీమీటర్ల గుండుకు చేసింది. గుండేమో రెండంగుళాలకు అంగుళంలో ఎనిమిదో వంతు తక్కువ, అంటే 47 మిల్లీమీటర్ల చిల్లర. పైనుంచి చూస్తే చక్కగా కూర్చున్నట్టే ఉంటుంది, లాకు కూడా పడుతుంది. కిందనుంచి ఎత్తే బలం వచ్చినప్పుడు మాత్రం జారిపోతుంది. ట్రాలీ కట్టిచ్చిన రోజు షాపాయన అన్న మాట నాకింకా గుర్తుంది: "ఏం గాదన్నా, మస్తు గట్టిగుంది, లారీనైనా గుంజుతది." నిజమే, ఆయన వేసిన అతుకు ఒక్కటి కూడా ఊడలేదు. ట్రాలీ మొత్తం గట్టిగానే ఉంది, గట్టిగానే వెళ్లి పొలంలో పడింది.

ఆ తర్వాత నాకు మా నాన్న గుర్తొచ్చాడు. వడ్ల బస్తాలు బండికెత్తేటప్పుడు ప్రతి నాలుగు బస్తాలకు ఒకసారి నొగల మీద చెయ్యి పెట్టి ఒత్తి చూసేవాడు. "ముంగట బరువుండాలె బిడ్డా. ఎన్క బరువైతే కాడి పైకి లేసి ఎడ్లకు ఉరి వడ్తది. మరీ ముంగటైతే మెడలు కాయలు గాస్తయి." ఆ రెండింటికీ మధ్య చోటు ఎక్కడో ఆయన అరచేతికి తెలుసు. ఎడ్లబండి కూడా రెండు చక్రాల ట్రాలీయే. అదే ఇరుసు, అదే తూకం. కాకపోతే తూకం తప్పిన బండిని ఎద్దు లాగదు, నిలబడిపోతుంది. కారుకు ఆ తెలివి లేదు. ఇరవై ఏళ్లు ఎడ్లబండి చూసి పెరిగినవాణ్ణి, కారు కొనగానే అదంతా ఎట్లా మర్చిపోయానో నాకే ఆశ్చర్యం.

తోక బరువైతే ఎందుకు ఊగుతుందో నాకు అర్థమయ్యేలా చెప్పింది మా అబ్బాయి ఫోన్‌లో చూపించిన ఒక వీడియో. నడిచే బెల్టు మీద బొమ్మ కారు, దాని వెనక బొమ్మ ట్రాలీ. ట్రాలీ మీది బరువును ముందుకు జరిపి, వేలితో పక్కకు నెడతారు. రెండు ఊపులు ఊగి సర్దుకుంటుంది. అదే బరువును వెనక్కి జరిపి అంతే నెడతారు. ఊపు ఊపుకూ పెరుగుతూ పోయి కారును కూడా తిప్పి పడేస్తుంది. వేగం తక్కువగా ఉన్నంతసేపు ఈ జబ్బు బయటపడదు. ఒక వేగం దాటాక ఒక్కసారిగా పడుతుంది. అందుకే "ఎన్నోసార్లు పోయినం, ఏం గాలే" అనే మాట నేను నమ్మను. నేను కూడా ఎన్నోసార్లు పోయాను. పైగా తోక బరువు హుక్కును పైకెత్తుతుంది. దాంతో కారు వెనక చక్రాలు రోడ్డును సరిగ్గా పట్టుకోవు.

ఇక లెక్క. ట్రాలీ బరువు, సామాను బరువు కలిపి మొత్తంలో దాదాపు పదో వంతు హుక్కు మీద పడాలి. అమెరికాలో పది నుంచి పదిహేను శాతం ఉండాలంటారు. యూరప్‌లో వేగం మీద కట్టడి ఎక్కువ, అక్కడ ఏడు శాతం దగ్గర సరిపెడతారు. మనం పది అనుకుందాం. మొత్తం ఆరు క్వింటాళ్లయితే హుక్కు మీద 60 కిలోలు. మన ట్రాలీల్లో హుక్కు నుంచి ఇరుసుకు ఎనిమిది అడుగుల దాకా ఉంటుంది. తక్కెడ సూత్రం ప్రకారం, మొత్తం బరువుకు నడిమధ్య చోటు ఇరుసుకు ఎంత ముందుందో, అది ఎనిమిది అడుగుల్లో ఎన్నో వంతో, హుక్కు మీద కూడా అన్నో వంతు బరువు పడుతుంది. ఎనిమిది అడుగుల్లో పదో వంతంటే తొమ్మిదిన్నర అంగుళాలు. మన భాషలో జానెడు.

నా ట్రాలీకి ఆ రాత్రి ఏమైందో తర్వాత కూర్చొని కాగితం మీద వేసి చూశాను. పోయేటప్పుడు ముందున్న క్యాన్లు, పొయ్యిల వల్ల హుక్కు మీద 60 కిలోలకు దగ్గరగానే ఉండింది. నా తెలివి కాదు, అదృష్టం. వచ్చేటప్పుడు ముందు బరువు తీసేశాం, డెబ్బై కిలోల తడి గుడ్డలు తోక మీద పడేశాం. హుక్కు మీద బరువు సున్నా కూడా దాటి, కప్పును పైకి ఎత్తే వైపుకు పోయింది. జనరేటరు మాత్రం పోయేటప్పుడు ఎక్కడుందో వచ్చేటప్పుడూ అక్కడే ఉంది.

దీన్ని తూచడం కష్టమేం కాదు. ట్రాలీని మొత్తంగా ధర్మకాంటా మీద తూచండి, మిర్యాలగూడ రోడ్డులో మిల్లుల పుణ్యమా అని వాటికి కొదవ లేదు. హుక్కు బరువు మాత్రం అక్కడ తూచొద్దు, అంత చిన్న బరువు దాని మీద సరిగ్గా తేలదు. మిర్చి, పత్తి కొనేవాళ్ల దగ్గర ఉండే బల్ల కాటా తెచ్చుకోండి. సమంగా ఉన్న నేల మీద ట్రాలీని నిలబెట్టి, చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టి, కప్పు కింద ఒక కట్టె నిలబెట్టి ఆ కట్టెను కాటా మీద ఆనించండి. కట్టె ఎత్తు కారు గుండు ఎత్తుకు సరిపోవాలి. ట్రాలీ ముక్కు పైకి లేచి ఉన్నా, కిందికి వంగి ఉన్నా అంకె తప్పుతుంది. తక్కువొస్తే సామాను ముందుకు జరపండి, ఎక్కువొస్తే వెనక్కి. మరీ ముందు బరువు కూడా మంచిది కాదు. కారు తోక కుంగి, ముందు చక్రాలు తేలి, స్టీరింగు పట్టు తగ్గుతుంది. హెడ్‌లైట్లు ఎదుటివాడి కళ్లల్లో కొడతాయి.

ఇప్పుడు షాపుల వాళ్లతో నాలుగు మాటలు. మీరు బాడీ పొడవు టేపుతో కొలిచి, సరిగ్గా సగంలో సుద్దతో గీత గీసి ఇరుసు అతికిస్తారు. చూడటానికి తీరుగా ఉంటుంది. కానీ అందులో సామాను సమానంగా నింపితే బరువుకు నడిమధ్య చోటు ఇరుసు మీదికే వస్తుంది, ఆ సామాను నుంచి హుక్కుకు ఏమీ రాదు. పది అడుగుల బాడీ అయితే ఇరుసుకు ముందు ఆరు, వెనక నాలుగు అడుగులు వదలండి. అప్పుడు కస్టమరు తెలిసీ తెలియక సమానంగా నింపినా బరువు ఇరుసుకు అడుగు ముందుంటుంది. బాడీ ముందు హుక్కు దాకా మూడడుగుల డ్రాబార్ కమ్మీ ఉంటే హుక్కు నుంచి ఇరుసుకు తొమ్మిది అడుగులు. తొమ్మిదిలో ఒకటి, అంటే పదకొండు శాతం. సుద్దగీత ఒక్కటి అడుగు వెనక్కి జరిపితే చాలు, మీకు రూపాయి ఖర్చు లేదు. జనరేటరు పెట్టే ట్రాలీ అయితే దాని అడుగున క్లాంపులు ఏ చోట రావాలో ముందే చూసి రంధ్రాలు వేసివ్వండి, అది ఇష్టమొచ్చినట్టు జరగకుండా. ఇంకోటి, దయచేసి ముందు పక్కన ఒక చిన్న డోరు పెట్టండి. వెనక డోరు ఒక్కటే ఉంటే రాత్రి మూడింటికి ఏ పనిపిల్లాడైనా వెనకే విసురుతాడు. వాణ్ణి తిట్టి లాభం లేదు.

కారు వైపు సంగతి ఇంకా ఘోరం. ఇప్పటి చిన్న కార్లకు ట్రాక్టరులా, లారీలా విడిగా చాసీ ఉండదు, బాడీయే చాసీ. బంపరు పైన ప్లాస్టిక్, లోపల సన్నటి పట్టీ. ఆ పట్టీకి హుక్కు అతికించి "ట్రాలీ లాగుతది" అని పంపిస్తున్న షాపులు ఉన్నాయి. డిక్కీలో టూల్స్‌తో పాటు వచ్చే మరతిప్పే కొక్కెం ఒకటి ఉంటుంది, దానికి కూడా ట్రాలీ కట్టినవాణ్ణి చూశాను. అది బురదలో దిగబడ్డప్పుడో, ఆగిపోయినప్పుడో కారును లాక్కోవడానికి ఇచ్చింది, ట్రాలీకి కాదు. కారుతో వచ్చిన పుస్తకం తెరిచి చూడమని కస్టమరుతో చెప్పండి. ట్రాలీ లాగకూడదని అందులో ఉంటే ఆ పని ఒప్పుకోవద్దు. నేను వద్దంటే గిరాకీ పక్క షాపుకు పోతుంది కదా అంటారు. తెలుసు. ఒక్కరికి కాకుండా అందరికీ కలిపి రాయడం అందుకే.

బ్రేకులు లేని ట్రాలీ ఎంత బరువు ఉండొచ్చని యూరప్‌లో ఒక కొలత ఉంది. కారు బరువులో సగం, లేదా 750 కిలోలు, రెండింటిలో ఏది తక్కువైతే అది. 1,100 కిలోల కారు అయితే సామానుతో కలిపి 550. అంతకు మించితే ట్రాలీకి సొంత బ్రేకు ఉండాలి. కారు ఆగినప్పుడు ట్రాలీ ముందుకు తోసుకొస్తుంది కదా, ఆ తోపుడుతోనే దాని బ్రేకు పడే ఏర్పాటు అక్కడ మామూలు. మన వైపు బ్రేకున్న చిన్న ట్రాలీ నేను ఒక్కటి కూడా చూడలేదు. మీలో చెయ్యి తిరిగినవాళ్లున్నారు, ఎవరైనా చేస్తే మొదటి గిరాకీ నేనే. అప్పటిదాకా ఆ సగం లెక్కను పాటిద్దాం.

గొలుసు గురించి చెప్పకుండా ఉండలేను. నా ట్రాలీకి గొలుసు లేదు. రెండు గొలుసులు ఉండాలి, హుక్కు కింద ఒకదాని మీదుగా ఒకటి ఇంటూ గుర్తులా దాటాలి. అలా కడితే కప్పు ఊడినా డ్రాబార్ రోడ్డుకు గుచ్చుకోకుండా వాటి మీద ఉయ్యాలలా ఆగుతుంది, ట్రాలీ కారును వదిలిపోదు. గుండు బోల్టుకే గొలుసు కూడా బిగిస్తే, బోల్టు పోయిన రోజు రెండూ పోతాయి. కారు వైపు వేరే చోట కట్టాలి. మూల తిరిగేందుకు సరిపడా వదులు ఉండాలి, రోడ్డుకు రాసుకోకూడదు. ఇంటి గేటుకు వేసే గొలుసులు పనికిరావు. గుండు, కప్పు ఒకే సైజువని చేత్తో ఊపి చూడకుండా బండిని షాపు నుంచి పంపొద్దు. పిన్ను హుక్కులైతే పిన్నుకు కింద స్ప్లిట్ పిన్ను. బైండింగ్ వైరు చుట్టి పంపుతున్నారు, చూస్తే ఒళ్లు మండుతోంది.

లైట్లకు ఏడు కాళ్ల ప్లగ్గు దొరుకుతుంది, బ్రేకు లైటు, ఇండికేటర్లు, వెనక లైటు అన్నీ దానితో పోతాయి. రిఫ్లెక్టర్ టేపు వెనక ఎరుపు, పక్కల పసుపు, ముందు తెలుపు. రాత్రిపూట రోడ్డు మీద నల్లగా నిలబడ్డ ట్రాక్టరు ట్రాలీని బైకు మీద వెళ్లి గుద్దుకున్నవాళ్లు మన జిల్లాలో ప్రతి ఊరికీ ఒకరైనా ఉంటారు. ఇంతకంటే చెప్పేదేముంది.

నడిపేవాళ్లకు. ఊగుడు మొదలైతే బ్రేకు తొక్కొద్దు, ఎక్సిలేటర్ కూడా తొక్కొద్దు. స్పీడు పెంచితే నిటారవుతుందని కొందరు డ్రైవర్లు చెబుతారు, నమ్మొద్దు. స్టీరింగును సూటిగా, గట్టిగా పట్టుకొని, ఎక్సిలేటర్ మీంచి కాలు తియ్యండి. ట్రాలీ ఊపుకు ఎదురు తిప్పబోతే మీరే ఊపు పెంచినవాళ్లవుతారు. వేగం తగ్గేకొద్దీ అదే సర్దుకుంటుంది. తర్వాత పక్కకు ఆపి సామాను జరపండి. "ఇంకో పది కిలోమీటర్లే కదా" అనుకోకండి.

నేను ఇప్పుడు యాభై దాటను. అరవై నుంచి ఎనభైకి పోతే ఆపడానికి బ్రేకులు మింగాల్సిన శక్తి ఇంచుమించు ఒకటింముప్పావు రెట్లవుతుంది, అది కారు ఒక్కదానికే. వెనక బ్రేకు లేని ట్రాలీని కలుపుకోండి. వేగానికి హద్దులేని రోడ్లున్నాయని పేరుపడ్డ జర్మనీలో కూడా ట్రాలీ కట్టిన కారుకు మామూలుగా గంటకు 80 కిలోమీటర్లే. బాగున్న రోడ్ల మీద ఆ మాట. మన దగ్గర చెప్పాపెట్టకుండా స్పీడు బ్రేకరు వస్తుంది, వడ్లు ఆరబోసి ఉంటాయి, గొర్లమంద వస్తుంది. శివరాత్రికి శ్రీశైలం అన్నదానాలకు సామాను తోలేవాళ్లయితే దోమలపెంట నుంచి డ్యాము వైపు దిగేటప్పుడు మొదటి మలుపుకు ముందే గేరు తగ్గించండి. దారంతా బ్రేకు మీద కాలు పెట్టి దిగితే కింది మలుపుల దగ్గరికి వచ్చేసరికి బ్రేకు వేడెక్కి పని చెయ్యదు.

మూలల దగ్గర ట్రాలీ చక్రాలు కారు చక్రాల దారిలో రావు, లోపలికి కోసుకొస్తాయి. ఊళ్లల్లో అరుగుల మీద కూర్చున్న ముసలోళ్ల కాళ్లు చూసుకోండి. రివర్సు రాక మా దగ్గర ఒక డ్రైవరు ప్రతి పెళ్లిలో ట్రాలీ విప్పి చేత్తో నెట్టించేవాడు. ఉపాయం చిన్నదే. స్టీరింగును అడుగుభాగంలో పట్టుకోండి. ట్రాలీ తోక ఎటు పోవాలో చేతిని అటు జరపండి. మెల్లగా, కొంచెం కొంచెం. టైర్ల గోడ మీద నాలుగంకెలు ఉంటాయి, 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. కారుకు పనికిరావని తీసేసిన టైర్లనే ట్రాలీకి వేస్తాం కాబట్టి వాటిని చూడటం అలవాటు చేసుకోండి. పది కిలోమీటర్లు పోయాక దిగి ఒక్కో చక్రం నడిబొడ్డు మీద చెయ్యి పెట్టి చూడండి. ఒకవైపు కాలుతుంటే అక్కడ బేరింగుకు గ్రీజు లేనట్టే.

మిల్లర్ వాళ్లు నొచ్చుకోకండి కానీ, దానికి కమాను కట్టలు ఉండవు, డ్రమ్ము బరువంతా పైన ఉంటుంది. అది ఒక సైటు నుంచి పక్క సైటుకు పోవడానికి చేసిన యంత్రం. దాన్ని కారుకు కట్టి నార్కట్‌పల్లి హైవే ఎక్కించడం నాకైతే నచ్చదు. ట్రాక్టరుకు కట్టి తీసుకుపోండి. ట్రాక్టర్లకు లేని గొడవ కార్లకెందుకంటే, ట్రాక్టరు తనే బరువైన బండి, వెనక పెద్ద చక్రాలు, పోయేది పాతిక ముప్పైలో. దాని రెండు చక్రాల ట్రాలీని కట్టేదే బరువు హుక్కు మీద పడేలాగ. మన కార్లకు ఇవేవీ లేవు.

చట్టం మాట కూడా ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రాలీ కూడా మోటారు వాహనమే. దానికి రిజిస్ట్రేషన్ ఉండాలి, లాగే కారు నంబరు కూడా దాని మీద కనపడాలి. నాదానికి అప్పుడు లేదు, ఆ మాట దాచను. పొలం నష్టం, జనరేటరు రిపేరు అంతా జేబులోంచే పోయింది, ఇన్సూరెన్సు వాళ్లను అడగడానికి మొహం చెల్లలేదు. సొంత కారుతో కిరాయి సామాను తోలడం మీద ఎవరికేం కాగితాలు కావాలో ఆఫీసుకు పోయి అడగండి, ఏజెంటును కాదు.

ట్రాలీలో మనుషులను ఎక్కించొద్దు. ఇది మాత్రం అన్నలకు, తమ్ముళ్లకు, షాపులకు, యజమానులకు అందరికీ. ఆ ఇద్దరు పిల్లల్లో ఒకడు ఇప్పుడు నా దగ్గరే డ్రైవరు. వాడు రోజూ కళ్లెదురుగా కనపడుతుంటే నేను ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను.

నేను ఒక బల్ల కాటా కొన్నాను. మూఢం వచ్చినప్పుడు మాకు పెళ్లిళ్లు ఉండవు, మా పాకలో ఖాళీగానే కూర్చుంటాను. హాలియా, నిడమనూరు, పెద్దవూర వైపు వాళ్లెవరైనా మీ ట్రాలీలో రోజూ వేసే సామానే వేసుకొని తీసుకురండి, తూచి చూద్దాం. షాపుల వాళ్లు కొత్త ట్రాలీని రంగు వెయ్యకముందే తెస్తే ఇంకా మంచిది, ఇరుసు జరపాల్సి వస్తే రంగు వృథా కాదు. డబ్బులేం వద్దు. కప్పు కింద పెట్టే కట్టె మాత్రం మీ కారు ఎత్తుకు కోసి తెచ్చుకోండి, నా దగ్గరున్నది నా కారుకే సరిపోతుంది.

ఇట్లు,
హాలియా దగ్గరి ఒక టెంట్ హౌస్ యజమాని